పాత సిల్వర్ ఫిల్లింగ్ తీసేసి పంటి రంగుది వేయించుకుందాం అనుకుంటున్నారా, ఒక్కసారి ఇది చదివి వెళ్ళండి

అందరికీ నమస్తే అండి. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా నోట్లో ఎప్పటిదో సిల్వర్ ఫిల్లింగ్ ఉండి, నవ్వితే నల్లగా కనిపిస్తోంది తీయించేద్దాం అనుకుంటున్నవాళ్ళు. నేనూ అలాగే అనుకుని వెళ్ళా. 5,500 లో అయిపోతుందన్న పని రూట్ కెనాల్, క్యాప్ దాకా వెళ్ళి 21 వేలు దాటింది. డబ్బు పోతే పోయింది, పన్నెండేళ్ళుగా ఒక్కరోజు కూడా నొప్పి పెట్టని దవడ పన్ను అది, దాని నరం తీసేయాల్సి వచ్చిందనేదే నాకు బాధ.

మేముండేది హైదరాబాద్ మియాపూర్ దగ్గర. ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉచిత దంత పరీక్ష అని క్యాంప్ పెట్టారు, మా అత్తయ్యకి చూపిద్దామని తీసుకెళ్ళి నేనూ కూర్చున్నా. టార్చి వేసి చిన్న అద్దం పెట్టి రెండు నిమిషాలు చూశారు, అంతే, ఎక్స్‌రే లేదు ఏమీ లేదు, నాలుగు పళ్ళు పుచ్చుతున్నాయి మేడం, అయిదోది పాత సిల్వర్ ఫిల్లింగ్, అందులో మెర్క్యురీ ఉంటుంది, యూరప్‌లో బ్యాన్ కూడా చేశారు, మీరింకా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారా అన్నారు. ఆ మాటకి భయం వేయదా ఎవరికైనా? అయిదు పళ్ళకీ పంటి రంగు ఫిల్లింగ్, కాంపోజిట్ అంటారు మేడం, అన్నీ కలిపి ప్యాకేజీ 5,500, ఈ వారం లోపు వస్తేనే అన్నారు. మూడోరోజే వాళ్ళ క్లినిక్‌కి వెళ్ళిపోయా.

ఆ మెర్క్యురీ మాట గురించి ముందు చెప్తా, ఎందుకంటే ఎక్కువమందిని పట్టేది దానితోనే. సిల్వర్ ఫిల్లింగ్‌లో దాదాపు సగం మెర్క్యురీ ఉండే మాట నిజమే. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాన్ని వాడటం ఆపిన మాటా నిజమే. కానీ అది కొత్తగా వేయడం గురించి, అందులోనూ పెద్ద కారణం మెర్క్యురీ నీళ్ళలో, మట్టిలో కలవకూడదని, అంతేగానీ నోట్లో బాగా ఉన్నవాటిని పీకేయమని కాదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అయితే 2020 లోనే స్పష్టంగా చెప్పింది, గర్భిణులు, చిన్నపిల్లలు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు లాంటివాళ్ళకి కొత్తగా సిల్వర్ వేయకపోవడం మంచిది, కానీ గట్టిగా ఉన్న పాతదాన్ని అవసరం లేకుండా తీయొద్దు, తీసేటప్పుడే మెర్క్యురీ ఆవిరి ఎక్కువ వస్తుంది, పైగా దాంతోపాటు మంచి పన్నూ కొంత పోతుంది అని. క్యాంప్‌లో సగం నిజం చెప్పి మిగతా సగం వదిలేశారు. ఇది నాకు ముందే తెలిసుంటే ఆ కుర్చీలో కూర్చునేదాన్నే కాదు.

కుర్చీలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. బోర్డు మీద పేరున్న డాక్టర్ లేరు, ఇంకొకాయన వచ్చారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పాత ఫిల్లింగ్ తవ్వడం మొదలుపెట్టారు, ఉమ్మి లాగే పైపు పట్టుకోవాల్సిన అమ్మాయి రిసెప్షన్‌లో ఫోన్ మోగితే దాన్ని నా పెదవికి తగిలించి వెళ్ళిపోయింది. నాలుక మీద బూడిదలా రజను, నోరంతా నీళ్ళు, చెయ్యి ఎత్తి చూపిస్తే ఒక దూది ఉండ పెట్టి తుడిచారు, ఆ దూది కూడా రెండు నిమిషాల్లో నానిపోయి ముద్దయింది, దాన్ని మార్చకుండానే పక్కనుంచి మందు పెట్టి వేలితో అదిమి నీలం లైటు పెట్టారు. లైటు ఒకే ఒక్కసారి. తర్వాత రెండు పళ్ళకైతే లైటు కూడా పెట్టలేదు, తెల్లటి పిండి లాంటిది కలిపి అద్దేశారు. అయిదు పళ్ళూ కలిపి ముప్పావు గంట. అయ్యాక కొరకండి, బానే ఉందా అన్నారు, దవడ మొత్తం మొద్దుబారి ఉంటే నాకేం తెలుస్తుందండి, ఊ అన్నా.

సాయంత్రం మత్తు దిగాక చూస్తే నోరు మూస్తే ముందు ఆ పన్నే తగులుతోంది. ఫోన్ చేస్తే రెండ్రోజుల్లో సెట్ అవుతుంది మేడం అన్నారు. నాలుగోరోజు గోంగూర పచ్చడి తింటే పీచు ఆ పంటికీ పక్క పంటికీ మధ్య ఇరుక్కుంది, అది మొదలు ఏది తిన్నా అక్కడే ఇరుక్కోవడం, చిగురు వాచి బ్రష్ చేస్తే రక్తం. చల్ల మజ్జిగ తాగితే జివ్వుమనేది, మొదట్లో ఒక్క క్షణం ఉండి పోయేది కాబట్టి పట్టించుకోలేదు, మూడో వారానికి ఆ జివ్వు మొదలైతే అయిదు నిమిషాలైనా వదిలేది కాదు. మళ్ళీ క్లినిక్‌కి వెళ్తే కాస్త అరగదీసి సెన్సిటివిటీ పేస్ట్ రాసి పంపించారు. ఆ వారంలోనే ఒక రాత్రి రెండింటికి, ఏమీ తినకుండా తాగకుండా, దానంతట అదే నొప్పి మొదలై చెవి దాకా లాగేసింది. అత్తయ్య లవంగం నలిపి పెట్టారు, తెల్లారేదాకా ఇద్దరం హాల్లో కూర్చున్నాం.

మర్నాడు మా ఆఫీసులో ఒకావిడ చెప్పిన ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళా. ఆవిడ నోరు చూసి ముందు చిన్న ఎక్స్‌రే తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. ఫిల్లింగ్ తెల్లగా కనిపిస్తోంది, దాని కింద పంటికీ దానికీ మధ్య నల్లటి సన్న గీత, అది ఖాళీ అన్నమాట. పక్క పంటి వైపు ఫిల్లింగ్ చిగురు దగ్గర గట్టు కట్టినట్టు బయటికి పొడుచుకొచ్చింది, పైన మాత్రం రెండు పళ్ళూ తగలనే తగలట్లేదు. ఫ్లాస్ దారం పెట్టారు, మామూలుగా అయితే పంటి సందులో టిక్కుమని బిగువుగా దిగాలట, నాకు పైన జారిపోయింది, కింద గట్టుకి పట్టుకుని పోగులు పోగులుగా చిరిగి వచ్చింది. ఆ చిరిగిన దారం చేతిలో పెట్టుకుని చూస్తే అప్పుడర్థమైంది ఇన్నాళ్ళూ పీచు ఎందుకు ఇరుక్కుందో.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తున్నా. సిల్వర్‌ని గుంటలో కుక్కి పెడితే ఆ గుంట ఆకారమే దాన్ని పట్టి ఉంచుతుంది, కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది. కాంపోజిట్ అలా కాదు, అది పంటికి అతుక్కోవాలి. ముందు నీలం జెల్ ఒకటి, ఫాస్ఫారిక్ యాసిడ్ అది, ఓ 15 సెకన్లు పెట్టి కడిగి ఆరబెట్టి, జిగురు లాంటి బాండ్ రాసి లైటు పెట్టి, అప్పుడు మెటీరియల్ వేయాలి. మామూలు కాంపోజిట్ అయితే 2 మిల్లీమీటర్ల కంటే మందం కాకుండా పొరలు పొరలుగా, ప్రతి పొరకీ లైటు. ఒకేసారి 4 మిల్లీమీటర్ల దాకా వేసుకునే రకాలు కూడా ఉన్నాయి కానీ ఏ రకమైనా లోతు గుంట మొత్తం నింపేసి పైనుంచి ఒక్కసారి లైటు కొడితే కింద ఉన్నది సరిగా గట్టిపడదు. గట్టిపడేటప్పుడు అది కొంచెం కుంచించుకుపోతుంది కూడా, అందుకే పొరలు. ఈ పని మధ్యలో ఉమ్మి తగిలిందో అతుకు పోయినట్టే. అందుకే పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా రబ్బరు షీట్ వేస్తారు, రబ్బర్ డ్యామ్ అంటారు, అది లేకపోయినా దూది మారుస్తూ పైపు పక్కనే ఉండాలి. రెండు పళ్ళ మధ్య గుంట అయితే సన్నటి స్టీల్ రేకు చుట్టి, సందులో చిన్న చీల బిగించి అప్పుడు వేయాలి, పక్క పంటికి బిగువుగా తగలడం, కింద గట్టు కట్టకపోవడం రెండూ దానివల్లే. నాకు రేకూ లేదు, చీలా లేదు, రబ్బరూ లేదు.

ఇక లైటు పెట్టని రెండు పళ్ళకి వేసింది కాంపోజిట్ కాదు, గ్లాస్ అయోనోమర్, జీఐసీ అంటారు. పంటి రంగు అనేది రంగు పేరే గానీ మెటీరియల్ పేరు కాదండి, ఈ ముక్క తెలియకే నేను మోసపోయా. జీఐసీ చెడ్డదని అనట్లేదు, అందులోంచి పంటికి మేలు చేసే ఫ్లోరైడ్ వస్తుంది, పిల్లల పళ్ళకి, చిగురు దగ్గర అరిగిన చోట అదే మంచిది, మా అత్తయ్యకి వేసింది నాలుగేళ్ళయినా చక్కగా ఉంది. కానీ ధర తక్కువ, నమిలే చోట కాంపోజిట్ కంటే త్వరగా అరుగుతుంది. నాతో కాంపోజిట్ అని చెప్పి, కాంపోజిట్ డబ్బు తీసుకుని అది పెట్టడం తప్పు కదా. లైటు పెట్టి గట్టిపరిచే జీఐసీ కూడా ఉంటుందట, కాబట్టి లైటు పెట్టారు గనక కాంపోజిట్టే అని కూడా అనుకోకండి, పేరు అడిగి తీరాలి. మిగతా రెండు పళ్ళు నిజంగా పుచ్చాయా, ఉత్త మరకలేనా అంటే తవ్వేశాక ఎవరూ చెప్పలేరు అన్నారు ఆవిడ. తవ్వకముందు ఎక్స్‌రే ఉంటే తెలిసేది.

లెక్క కూడా రాస్తున్నా, పనికొస్తుందేమో. ప్యాకేజీ 5,500, ఎక్స్‌రే, డాక్టర్ ఫీజు కలిపి 600, ఆ దవడ పంటి నరం తీసేసిన రూట్ కెనాల్ 6,000, దాని మీద జిర్కోనియా క్యాప్ 7,500, ఇంకో పన్నుది తీసి సరిగ్గా వేసినందుకు 1,800.

పాత క్లినిక్‌కి వెళ్ళి అడిగితే మీ పన్ను ముందే వీక్ మేడం, కావాలంటే ఉచితంగా మళ్ళీ వేస్తాం అన్నారు, ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోను అని చెప్పేశా. బిల్లులో ఏముందో తెలుసా, డెంటల్ ప్యాకేజ్ అయిదు యూనిట్లు అని ఒక్క లైను. మెటీరియల్ పేరు లేదు, ఏ పన్నో లేదు, చేసిన డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అందుకే నా ఫిర్యాదు బలహీనమైపోయింది. అయినా వదల్లేదు, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి కాల్ చేసి ఫిర్యాదు పెట్టా, రెండో డాక్టర్ ఇచ్చిన ఎక్స్‌రే, రాసిచ్చిన కాగితం దాచా. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే రెండేళ్ళ లోపు వెళ్ళాలి, మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. డాక్టర్ పని మీదే ఫిర్యాదైతే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కి రాయొచ్చు, దానికి ఆ డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే పని తేలిక, నేను ఆ పేరు కోసమే ఇప్పుడు లెటర్ రాశా.

కాబట్టి మీరెవరైనా వెళ్తే తవ్వకముందే ఎక్స్‌రే అడిగి మీ ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ఏం వేస్తున్నారు, ఎవరు వేస్తున్నారు, బిల్లులో పంటి నంబరుతో సహా రాయమనండి, రాయనంటే లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు. ఎత్తుగా తగులుతుంటే సెట్ అవుతుందన్న మాట నమ్మి వారాలు ఆగకండి, మర్నాడే వెళ్ళి, కొరికితే ఎక్కడ ఎత్తుగా ఉందో గుర్తు పడే కార్బన్ పేపర్ పెట్టి సరిచేయించుకోండి. చల్లటిది తగిలినప్పుడు జివ్వు వెంటనే పోతుందా, నిలబడిపోతుందా గమనించండి, నిలబడితే ఆలస్యం చేయొద్దు. అమెరికా నుంచి మూడు వారాల సెలవుకి వచ్చి పళ్ళన్నీ ఇక్కడే చేయించుకుని వెళ్దాం అనుకునేవాళ్ళు మరీ జాగ్రత్త, నాకు నొప్పి ముదిరింది మూడు వారాల తర్వాతే, అప్పటికి మీరు విమానం ఎక్కేసి ఉంటారు. రెండో అభిప్రాయానికి డబ్బు ఇబ్బంది అయితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడ వైపు వాళ్ళకి అక్కడా ఉంది, ఒక పూట పోతుంది, పోనివ్వండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ క్యాంప్‌లో పేరు రాయించుకున్నవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. ఇప్పటికే చేయించుకుని పీచు ఇరుక్కుంటోందంటే ఈ వారమే ఎక్స్‌రే తీయించుకోండి. ఇంకా వెళ్ళనివాళ్ళు అడ్వాన్స్ కట్టినా సరే ఆగి, నాకు ఒక మెసేజ్ పెట్టండి, నా ఎక్స్‌రే చూపిస్తా, చూశాక మీరే ఆలోచించుకోండి.