దూరం వరకు సరే, టైము మాత్రం నమ్మలేం

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్యలో విమాన దూరం ఎంతో, ప్రయాణం ఎన్ని గంటలో చెప్పే యాప్ ఇది. ఏళ్లుగా వాడుతున్నాను. ఎలా వాడాలో అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఆ ‘ప్రయాణ సమయం’ మీదే.

నాన్నకు షుగర్. ఇన్సులిన్ వేళ తప్పకూడదు కాబట్టి టికెట్ తీయకముందే గంటలు లెక్కేసుకుంటాను. హెల్సింకి నుంచి టోక్యో వెళ్లాల్సి వచ్చినప్పుడు యాప్ 7,800 కిలోమీటర్ల పైచిలుకు దూరం, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం అని చూపించింది. ఇంజెక్షన్ ఎప్పుడు, తిండి ఎప్పుడు అని కాగితం మీద రాసిచ్చాను. తీరా టికెట్ దగ్గరికొచ్చేసరికి పదమూడు గంటలు! 2022లో రష్యా తన గగనతలాన్ని యూరప్ విమానాలకు మూసేసింది. సైబీరియా మీదుగా తొమ్మిది గంటల్లో దిగే విమానాలు అప్పటినుంచి ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో చుట్టు తిరిగి పోతున్నాయి. యాప్‌కి ఆ సంగతే పట్టలేదు. కాగితం చింపేసి మళ్లీ మొదట్నుంచీ రాయాల్సి వచ్చింది. సీటు ముందు తెర మీద విమానం బొమ్మ ధ్రువం దగ్గరికొచ్చినప్పుడు నాన్న తన వాచీ చూసుకుని, “ఇప్పుడు ఏ పూట కిందికి వస్తుందిరా?” అని అడిగారు. దిగేదాకా వాచీ తిప్పొద్దు, బయల్దేరిన ఊరి టైమే లెక్క అని చెప్పాను.

ఇది ఒక్క రూటు గొడవ కాదు. అతి దగ్గరి దారి పొడవుని ఒకే వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపి చెబుతోంది, అంతే. అందుకే లండన్–న్యూయార్క్‌కి వెళ్లినా వచ్చినా ఒకటే టైము. పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వల్ల అసలు ప్రయాణం వెళ్లేటప్పుడు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడుకు అటూఇటూ. ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిర్ ఇండియా 2016లో అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగినా, వెనక గాలి తోడై దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి! దూరాన్ని భాగించి తీసిన లెక్కకి ఇది ఎన్నటికీ అందదు.

మ్యాపు మీద గీసే వంపు గీత ఇప్పటికీ ఇష్టమే. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి గ్రీన్లాండ్ మీదుగా ఎందుకు పోతారో నాకు అర్థమైంది దాంతోనే. కాకపోతే అది విమానం కచ్చితంగా పోయే దారని ఇప్పుడు అనుకోను.

మందుల వేళల బెడద లేకుండా తిరిగేవాళ్లకి ఈ తేడా లెక్కలోకి రాకపోవచ్చు. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లే నాలాంటివాళ్లు మాత్రం ఆ రూటులో మొన్నటి విమానాలు నిజంగా ఎంతసేపు ఎగిరాయో ట్రాకింగ్ సైట్‌లో చూసుకోవడం మంచిది, అదీ పోను రాను విడివిడిగా. యాప్ ఫోన్‌లోనే ఉంది, దూరం చూడ్డానికి.