జిర్కోనియం డైబోరైడా, హాఫ్నియం డైబోరైడా: గాలిలో కాలితే ఏది మేలు?

హైపర్‌సోనిక్ (ధ్వని వేగానికి ఐదు రెట్లకు మించి దూసుకెళ్లే) వాహనాల ముక్కు కొనకూ, రెక్కల పదునైన అంచులకూ పదార్థాన్ని ఎంచుకోవాలంటే చాలామంది ముందు ద్రవీభవన స్థానాల పట్టిక తెరుస్తారు. లోహమూ బోరానూ కలిసిన సమ్మేళనాలైన బోరైడ్లలో జిర్కోనియం డైబోరైడ్ సుమారు 3,245 డిగ్రీల సెల్సియస్ దగ్గర, హాఫ్నియం డైబోరైడ్ 3,380 దగ్గర కరుగుతాయి. హాఫ్నియమూ కార్బనూ కలిసిన హాఫ్నియం కార్బైడ్ 3,900కు చేరువ. ఆ లెక్కన కార్బైడే గెలవాలి. కానీ గాలి తగిలితే దాని నుంచి పుట్టే కార్బన్ వాయువులు పైనున్న ఆక్సైడ్ పొరను చీల్చుకుని బయటపడతాయి. అసలు పరీక్ష ఆ ఆక్సైడ్ పొరకే గానీ దాని కింది పదార్థానికి కాదు. బోరైడ్లకు మొగ్గు దొరికేది ఇక్కడే.

ఏమీ కలపని జిర్కోనియం డైబోరైడ్ కాలితే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్), బోరాన్ ఆక్సైడ్ ఏర్పడతాయి. బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి, జిర్కోనియాలోని రంధ్రాలను నింపి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. సుమారు 1,100 దాటాక అది ఆవిరైపోవడం జోరందుకుంటుంది. 1,400 దాటితే మిగిలేది రంధ్రాలున్న జిర్కోనియా మాత్రమే. ఈ దశలో ఆక్సిజన్ చేరడం వల్ల వచ్చే బరువు పెరుగుదలను చూసి తీర్పు చెప్పడం ప్రమాదకరం. 100 గ్రాముల బోరైడ్ పూర్తిగా కాలి, ఆక్సైడ్లు రెండూ నిలిస్తే 171 గ్రాములవుతుంది. బోరాన్ ఆక్సైడ్ అంతా ఎగిరిపోతే 109 గ్రాములే. అంటే ఎక్కువ చెడిపోయిన నమూనాయే తక్కువ బరువు పెరిగినట్టు కనబడవచ్చు. ఆక్సైడ్ పొర మందం కొలవని పోలికను నేను నమ్మను.

అందుకే ఘనపరిమాణంలో 20 నుంచి 30 శాతం సిలికాన్ కార్బైడ్ కలుపుతారు. దాని నుంచి పుట్టే సిలికా (సిలికాన్ ఆక్సైడ్) బోరాన్ ఆక్సైడ్‌తో కలిసి బోరోసిలికేట్ గాజు అవుతుంది. అంత తేలిగ్గా ఆవిరి కాని ఆ గాజు సుమారు 1,600 డిగ్రీల దాకా కాపలా కాస్తుంది. కాల్చిన నమూనాను అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే పైన నునుపైన గాజు, దాని కింద గాజులో ఇరుక్కున్న జిర్కోనియా రేణువులు, ఇంకా కింద ఖాళీలతో నిండిన ఒక పట్టీ కనిపిస్తాయి. ఆక్సిజన్ చాలా తక్కువగా చేరే ఆ లోతులో సిలికాన్ కార్బైడ్ సిలికాగా మారకుండా సిలికాన్ మోనాక్సైడ్ వాయువై వెళ్లిపోతుంది. ఖాళీల పట్టీ మందమైతే పై పొర ఊడిపోయే ముప్పు ఉంటుంది. కాబట్టి సిలికాన్ కార్బైడ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం తప్పు. నీటి ఆవిరి ఉన్న వాతావరణంలో సిలికా కూడా హైడ్రాక్సైడ్ ఆవిరిగా తరిగిపోతుంది.

ఇక జిర్కోనియమా, హాఫ్నియమా? వేడెక్కేటప్పుడు జిర్కోనియా దాదాపు 1,170 డిగ్రీల దగ్గర స్ఫటిక రూపం మార్చుకుంటుంది. చల్లారేటప్పుడు తిరిగి మారుతూ నాలుగైదు శాతం వ్యాకోచించి పగుళ్లు తెస్తుంది. హాఫ్నియం ఆక్సైడ్ అయిన హాఫ్నియాలో ఈ మార్పు 1,700 పరిసరాల్లో గానీ రాదు, పైగా అది ఆక్సిజన్‌ను తక్కువగా చొరనిస్తుంది. అందుకే పదేపదే వేడెక్కి చల్లారే భాగానికి నా ఓటు హాఫ్నియం డైబోరైడ్‌కే. 1997లో నాసా జరిపిన షార్ప్-బీ1 ప్రయోగంలో ముక్కు కొనకు హాఫ్నియం డైబోరైడ్, సిలికాన్ కార్బైడ్ మిశ్రమాన్నే వాడారు.

అయితే బరువు దగ్గర లెక్క తిరగబడుతుంది. హాఫ్నియం డైబోరైడ్ ఘన సెంటీమీటరుకు 11 గ్రాములకు పైనే తూగుతుంది, జిర్కోనియం డైబోరైడ్ ఆరు గ్రాములే. హాఫ్నియం అరుదు కూడా. జిర్కోనియం ఖనిజంలో కొద్ది శాతమే కలిసి ఉండే దాన్ని వేరు చేయడం శ్రమ. 1,600 డిగ్రీలకు మించని చోట ఆ భారం మోయడానికి నాకు కారణం కనిపించదు. అక్కడ జిర్కోనియం డైబోరైడ్, సిలికాన్ కార్బైడ్ మిశ్రమం సరిపోతుంది. అంతకు మించితే గాజు పలచబడి, గాలి ఒరిపిడికి జారిపోతుంది. అప్పుడు భారమంతా అడుగునున్న ఆక్సైడ్ మీదే కాబట్టి హాఫ్నియం డైబోరైడ్‌ను ఎంచుకుని, సిలికాన్ కార్బైడ్‌ను తగ్గించి వేయడమే నా సలహా.