చపాట మిర్చికి సున్నా చూపిన కీవర్డ్ టూల్

హనుమకొండ నుంచి ఎండుమిర్చి, పచ్చళ్ల కారం అమ్మే మా వెబ్‌సైట్ కోసం డబ్బు కట్టి చాలాకాలంగా వాడుతున్న కీవర్డ్ టూల్ (జనం గూగుల్‌లో ఏ మాటలు వెతుకుతారో చెప్పే సాధనం) మీద నా అభ్యంతరమంతా ఒక్క గడి గురించే. ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతున్నారో చెప్పే ఆ గడిలో మా ప్రాంతపు చపాట మిర్చికి సున్నా కనిపిస్తుంది. సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వచ్చే సరుకు, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన పంట, దాని గురించి గూగుల్‌లో అడిగేవారే లేరంటే ఈ ప్రాంతం వాళ్లెవరూ నమ్మరు.

ఇలాంటి టూల్స్ చూపేవి అంచనాలే. పైగా మనవాళ్లు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు టైప్ చేస్తారు కాబట్టి ఒకే ప్రశ్న పది ముక్కలై, ఏ ముక్కా లెక్కలోకి రాకుండా పోతుంది. ప్రకటనలిచ్చేవారి కోసం గూగుల్ పెట్టిన కీవర్డ్ ప్లానర్ కొంత నయమే కానీ, ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాలకు అది 10 నుంచి 100 వరకు, 100 నుంచి 1,000 వరకు అన్నట్టు పెద్ద పెద్ద అంతరాలే చూపిస్తుంది. అది మామూలుగా ఇచ్చేది పన్నెండు నెలల సగటు. ఆవకాయ రోజుల్లో మాత్రమే గిరాకీ ఉండే సరుకుకు ఏడాది సగటు దేనికి పనికొస్తుంది?

సున్నా చూపినా చపాట మీద ఒక పేజీ పెట్టాం. ఫోన్ చేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలే అందులో ఉన్నాయి: టమాటా మిర్చి అన్నా ఇదేనా, కారం ఎంత, పచ్చడికి ఒక్కటే వాడాలా లేక వేరే మిర్చి కలపాలా. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ అన్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాం. ఎండలు ముదిరాక, మన సైట్ గూగుల్‌లో ఏ ప్రశ్నలకు కనిపించిందో చూపే గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే, మా సైట్‌కు జనాన్ని తెచ్చిన ప్రశ్నల్లో పై వరుసలన్నీ ఆ పేజీవే. వాటిలో ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘చపాట మిర్చి కారం ఉంటదా’ అని ఉంది. ఆ ‘ఉంటదా’ చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన ఊళ్లో మనిషి మాట్లాడినట్టే అడిగాడు, జవాబు మా దగ్గరే దొరికింది. అదే టూల్ గిరాకీ ఎక్కువ, పోటీ తక్కువ అని చెప్పి రాయించిన ‘మిర్చి పొడి ధర’ పేజీ మాత్రం పెద్ద అమ్మకపు సైట్ల వెనకాల ఎక్కడో ఉండిపోయింది. పోటీ స్కోరును చాలా టూల్స్ ప్రధానంగా ఇతర సైట్ల నుంచి వచ్చే లింకుల మీదే లెక్కగడతాయి. ధర అడిగేవారికి గూగుల్ వ్యాసాల కంటే కొనుగోలు పేజీలనే ముందు చూపుతుందన్న సంగతి ఆ అంకెలో కనిపించదు.

ఈ టూల్ ఇచ్చే సూచనల జాబితా బాగుంటుందని ఇదివరకు చాలామంది మిత్రులకు చెప్పాను. ఇంగ్లీషు పేజీల వరకు ఆ మాట ఇప్పటికీ చెబుతాను. తెలుగు పేజీలకు మాత్రం నేను నమ్ముకున్నది సెర్చ్ కన్సోల్‌నే. అందులో పదహారు నెలల సమాచారం ఉంటుంది కాబట్టి ఈ వేసవిని పోయిన వేసవి పక్కన పెట్టి చూడవచ్చు. అరుదైన ప్రశ్నలను గోప్యత కోసం దాచేస్తుంది, మన సైట్ కనిపించిన ప్రశ్నలే తప్ప మిగతావి చెప్పదు. ఆ రెండు లోపాలూ ఉన్నాయి.

ఏడాది సబ్‌స్క్రిప్షన్ మానేసి, సీజన్‌కు ముందు ఒక నెలకే కడుతున్నాను. దేశమంతటికీ ఇంగ్లీషులో అమ్మేవారికి ఏడాది పొడవునా అవసరం కావచ్చు. కొత్తగా సైట్ మొదలుపెట్టేవారికి సెర్చ్ కన్సోల్‌లో ఇంకా ఏమీ ఉండదు గనుక, అప్పటిదాకా గూగుల్ పెట్టెలో సరుకు పేరు టైప్ చేస్తే కింద వచ్చే సూచనలు, కొనేవాళ్లు ఫోన్‌లో అడిగే ప్రశ్నలు రాసిపెట్టుకుంటే చాలు.