బీరువాకి ఏ రేకు మేలు: హెచ్‌ఆరా, సీఆరా, జీపీనా?

పెళ్లిళ్లు మొదలయ్యాయంటే తిరుపతిలో మా షెడ్డుకి సారె బీరువా కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, హెచ్‌ఆర్ రేకు వేస్తే గట్టిగా ఉంటుందంట కదా, సీఆర్ ఎందుకు?" హెచ్‌ఆర్ అంటే హాట్ రోల్డ్, వేడి మీద సాగదీసిన ఉక్కు రేకు. సీఆర్ అంటే కోల్డ్ రోల్డ్, చల్లగా నొక్కింది. జీపీ అంటే జింకు పూత రేకు. పోయిన నెల మా మేనకోడలి పెళ్లికి నేనే ఒక బీరువా కట్టిచ్చాను. దానికి ఏ రేకు వేశానో, ఎందుకు వేశానో చెబుతాను.

హెచ్‌ఆర్‌ది తీసిపారేసే సరుకేం కాదు. ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మెను ఆ వేడి మీదే రోలర్ల మధ్య సాగదీసి చుట్ట చుడతారు. పని తక్కువ, కిలో ధర కూడా తక్కువ. కాకపోతే ఆ వేడికి పైన నల్లటి పొలుసు కడుతుంది. అది వదలగొట్టకుండా రంగు కొడితే కొన్నాళ్లకి పొలుసుతోపాటే రంగూ ఊడొస్తుంది. ఇంకోటి బరువు. మాకు హెచ్‌ఆర్ మామూలుగా 1.6 మిల్లీమీటర్ల నుంచి దొరుకుతుంది. 8×4 అడుగుల రేకు ఒక్కటే 37 కిలోలు దాటుతుంది. అదే 0.8 సీఆర్ అయితే 19 కిలోల లోపే. కిలో దగ్గర మిగిలింది బరువులో పోతుంది. ఆ బీరువాను మేడ మీదికి ఎక్కించాలంటే ఇంకో ఇద్దరు మనుషులు కావాలి.

సీఆర్ తయారయ్యేది కూడా ఆ హెచ్‌ఆర్ చుట్ట నుంచే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్లలో నడిపి పొలుసు వదలగొట్టి, కడిగి ఆరబెట్టి, ఈసారి కాచకుండానే రోలర్ల మధ్య నొక్కుతూ లాగుతారు. 2.5 మిల్లీమీటర్ల రేకు 0.8కి దిగుతుంది. ముఖం నున్నగా వస్తుంది, మందం ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు ఒకేలా ఉంటుంది. లప్పం తక్కువ పడుతుంది.

నున్నగా ఉందని చూసి కొనేస్తారు చాలామంది. నాకు మాత్రం రేకు మంచిచెడ్డలు తేలేది దీని తర్వాతి పనిలోనే.

కట్టుతీగను ఒకేచోట అటూఇటూ వంచుతుంటే బిగుసుకుపోయి తెగుతుంది కదా. చల్లగా నొక్కిన రేకు పరిస్థితీ అంతే. లోపలి రేణువులు లాగిన వైపుకి పొడుగ్గా సాగి, రేకు పెళుసెక్కుతుంది. దాన్ని ఫుల్ హార్డ్ అంటారు. ఈ చుట్టల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన గంటలాంటి మూత బోర్లించి, గాలి పోగొట్టి నైట్రోజన్, హైడ్రోజన్ నింపి, 700 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి కాస్తారు. కాగి చల్లారేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. సాగిపోయిన రేణువుల చోట కొత్తవి పుట్టి రేకు మెత్తబడుతుంది. గాలి తగలదు కాబట్టి నల్లబడదు. సీఆర్‌సీఏ అన్న పేరులో చివరి సీఏ దీనిదే, క్లోజ్ ఆనీల్డ్. ఆఖరున ఒక శాతమో, అంతకంటే తక్కువో మళ్లీ తేలిగ్గా నొక్కుతారు. దాన్ని స్కిన్ పాస్ అంటారు. అది లేని రేకును వంచితే పైన అలల్లాంటి గీతలు పడతాయి, రంగు వేసినా దాగవు.

షెడ్డు పెట్టిన కొత్తలో, కిలోకి కాస్త తగ్గుతుందని ఒక వ్యాపారి దగ్గర బిల్లు మీద సీఏ అన్న మాట లేకుండా ఉత్త సీఆర్ అని ఉన్న రేకులు తెచ్చాను. తలుపు అంచు మడిస్తే మడత బయటివైపు వెంట్రుకల్లాంటి చీలికలు. చీలని చోట మడత వెనక్కి విచ్చుకుని రెండు తలుపులూ కలవలేదు. నాలుగు తలుపులు పాత ఇనుముకి వేశాను. అప్పటినుంచి సరుకు దించుకునేముందు మూలన రెండు ముక్కలు కోస్తాను, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. పూర్తిగా మడిచి సుత్తితో అణగ్గొడతాను. రెంట్లో ఏది చీలినా లోడు వెనక్కి పోవాల్సిందే. మిల్లు సర్టిఫికెట్‌లో ఐఎస్ 513 (సీఆర్ రేకుకి మన దేశ ప్రమాణం), గ్రేడు సీఆర్1 ఉంటే బీరువాకి చాలు. లోతుగా సాగదీసే పనికి పెట్టిన పై గ్రేడ్లకి డబ్బు పెట్టక్కర్లేదు. మందానికి చెప్పే గేజి నంబరు మాట నమ్మకుండా రేకును తూకం వేయించండి.

వైజాగ్ రేకు ఉందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వైజాగ్ ఉక్కు ఫ్యాక్టరీది కమ్మీలు, తీగ చుట్టలు, యాంగిళ్ల పని, రేకు కాదు. మనకి ఇటు బళ్లారి దగ్గర తోరణగల్లులో చల్లగా నొక్కే మిల్లులున్నాయి.

జీపీ రేకుకి జింకు పూత ఉంటుంది, తుప్పు ఆగుతుంది. కానీ వెల్డింగు పెడితే ఆ పొగకి పనివాళ్లకి జ్వరం పట్టుకుంటుంది, మామూలు రంగు దాని మీద సరిగ్గా నిలవదు. స్టెయిన్‌లెస్ బీరువా అడిగితే చేస్తాను, ధర మాత్రం వేరే లెక్క.

మేనకోడలి బీరువాకి తలుపులు, పక్కలు, అరలు అన్నీ 0.8 సీఆర్‌సీఏ. నూనె తుడిచి, ఫాస్ఫేటు తొట్టిలో ముంచాకే రంగు వేశాను. లోపలి లాకరు తలుపుకీ, బరువు మోసే కాళ్లకీ మాత్రం పొలుసు తీసిన హెచ్‌ఆర్ వేశాను. వాళ్లది కిందింటి వాటా, కార్తీకం వానలకి గచ్చు చెమ్మగిలుతుంది. అందుకని అడుగు పలక ఒక్కటీ జీపీలో కోసి, వెల్డింగు లేకుండా రివిట్లతో బిగించాను.