పాత పికప్ ఏసీకి ఆరేళ్ళుగా వాడుతున్న గేజ్ సెట్

మా పికప్‌కి వయసు ఇరవై దాటింది, ఇంజన్‌కి ఢోకా లేదు గానీ ఏసీ మాత్రం ప్రతి ఎండాకాలం ఏదో ఒక పేచీ పెడుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే ఒకటే మాట, గ్యాస్ అయిపోయింది నింపేద్దాం అని. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదండి, మూసేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. రెండుసార్లు నింపించుకుని రెండుసార్లూ నెల తిరక్కుండానే వేడిగాలి వచ్చేసరికి ఏసీ పైపుల్లో ఒత్తిడి చూపించే ఈ రెండు డయళ్ళ మానిఫోల్డ్ గేజ్ కొనేశాను.

నీలం పైపు లో సైడుకి, అంటే ఒత్తిడి తక్కువుండే వైపుకి, ఎర్రది ఒత్తిడి ఎక్కువుండే హై సైడుకి, కప్లర్ల సైజులు వేరు కాబట్టి తారుమారయ్యే భయం లేదు. మా బండిలో ఉన్నది ఆర్134ఏ అనే గ్యాస్. అంతా బాగుంటే ఏసీ నడిచేటప్పుడు లో సైడు 25 నుంచి 45, హై సైడు 150 నుంచి 250 పీఎస్ఐ దాకా చూపిస్తుంది, ఎండ ముదిరితే ఇంకాస్త పైకి పోతుంది. ఒక్క ముల్లు చూసి ఏదీ తేల్చకండి. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువైనట్టు, లో సైడు ఎక్కువై హై సైడు తక్కువుంటే కంప్రెసర్ నీరసించినట్టు.

మూడో ఏడు వచ్చిన కంప్లెయింట్‌తో ఈ గేజ్ విలువ తెలిసొచ్చింది. రోడ్డెక్కితే చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే చాలు వేడి. బండి నిలబెట్టి ఐడిలింగ్‌లో చూస్తే హై సైడు ముల్లు 300 దాటి ఇంకా పాకుతూనే ఉంది. బకెట్ నీళ్ళు తెచ్చి మగ్గుతో కండెన్సర్ మీద, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ మీద పోశా, ముల్లు కళ్ళముందే జారుతూ 200 దగ్గరికొచ్చింది, లోపల గాలి కూడా చల్లబడింది. అంటే గ్యాస్ సరిపడా ఉంది, కండెన్సర్‌కి గాలే అందట్లేదు! ఇంజన్ వేడి మీదుండగా ఆపేసి ఫ్యాన్ చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది, ఆ వేడిలో బిగుతుగా ఉండాల్సింది. ఇంజన్ వేడెక్కితే ఫ్యాన్‌ని పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్ మార్చా, గ్యాస్ చుక్క కూడా వెయ్యలేదు.

లోపాలూ ఉన్నాయి. ఆగిన బండికి పెడితే ఈ గేజ్ గ్యాస్ ఎంతుందో చెప్పదు, లోపల ద్రవంగా మారిన గ్యాస్ కొంచెం మిగిలున్నా 30 డిగ్రీల ఎండలో 95 పీఎస్ఐ పైనే చూపిస్తుంది, సగమున్నా నిండుగా ఉన్నా అంతే. లీకెక్కడో కూడా చెప్పదు, దానికి గ్యాస్‌తో పాటు తిరిగి లీకైన చోట లైటేస్తే మెరిసే యూవీ డై, ఆ లైటు విడిగా కొనాల్సిందే. నాలుగేళ్ళకి పైపు చివర రబ్బరు వాషర్లు గట్టిపడి గేజే లీకవడం మొదలెట్టింది, అవి మార్చుకోవాలి. కళ్ళద్దాలు, గ్లౌజులు లేకుండా మాత్రం కప్లర్ ముట్టుకోకండి, ఆ గ్యాస్ చర్మానికి తగిలితే గడ్డకట్టించేస్తుంది.

ఇప్పుడు మళ్ళీ రెండు ముళ్ళూ కిందికి దిగుతున్నాయి. పైపులు, జాయింట్లు, వాల్వ్ పిన్నులు అన్నీ లైటేసి చూశా, ఎక్కడా డై లేదు. నిన్న రాత్రి బండి కిందకి దూరి ఏసీ నీళ్ళు కారే గొట్టం దగ్గర లైటేస్తే చివరి చుక్క పచ్చగా మెరిసింది. లోపలి కూలింగ్ కాయిలే పోయింది, డాష్‌బోర్డ్ విప్పాలి.