ఉబ్బసం పాఠం ఎక్కడ చెప్పాలి: ఓపీలోనా, బడిలోనా, వీధిలోనా?

ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య పనివాళ్లుండే తెలుగు వీధుల్లో కరపత్రం పోటీకే రాదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరాలు తమిళం. తెలుగులో అచ్చేస్తే చదివేవాళ్లు తక్కువ. తమిళంలో వేస్తే పిల్ల చదువుతుంది గానీ పంపు (మందు పీల్చే ఇన్‌హేలర్) పెట్టాల్సిన అవ్వ చదవలేదు. ఇక మిగిలింది నోటితో చెప్పడమే.

ఆసుపత్రిలో ఓపీ నడిచేది పొద్దున, వీళ్ల పని కూడా పొద్దునే. పూట కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లికి అక్కడ దొరికేది రెండు ముక్కలు. చీటీలో 'వీజింగ్' (ఊపిరిలో పిల్లికూతలు) అని ఉంటే జలుబులాంటిదే అనుకుని, దగ్గు తగ్గగానే రోజూ వాడాల్సిన పంపు ఆపేస్తారు. ఏ పంపు రోజూ, ఏది ఆయాసానికి అన్నది డాక్టరు చేత రాయించుకోవడానికి మాత్రం ఓపీ తప్పదు.

బడిలో ఇంకా బడి ఈడు రాని చిన్నపిల్లలుండరు, ఇంట్లో పంపు పెట్టేవాళ్లూ ఉండరు. అక్కడ టీచర్లకు ఒక్కటి నేర్పితే చాలు. ఆయాసం వస్తే పిల్లను కూర్చోబెట్టాలి. ఆయాసానికి వాడే నీలం పంపును స్పేసర్‌లో (పంపుకూ నోటికీ మధ్య పెట్టే గొట్టం) ఒకసారి నొక్కి 4 శ్వాసలు పీల్చనివ్వాలి, అలా 4 సార్లు. 4 నిమిషాలు ఆగాక తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, మళ్లీ 4 సార్లు. మాట రాకపోయినా, పెదాలు నీలంగా మారినా ముందే 108. పంపును హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఇదంతా దండగ.

మా ఓటు వీధికే. మధ్యాహ్నం మూడు దాటాక అయిదారు ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి, మందు లేని నమూనా పంపుతో ఒక్కొక్కరి చేతా చేయించాలి. తప్పులు అప్పుడే బయటపడతాయి. పంపు ఊపరు. రెండు నొక్కులు ఒకేసారి కొడతారు. మాస్కు పక్కన సందు వదిలేస్తారు. ఏడుస్తున్న పిల్లకు పెడతారు, ఊపిరితిత్తులకు మందు సరిగా చేరదు. స్పేసర్‌ను గుడ్డతో తుడుస్తారు. ఆ రాపిడికి పుట్టే విద్యుత్తుకు మందు గోడలకే అంటుకుంటుంది. సబ్బునీళ్లలో ముంచి, గాలికి ఆరనివ్వాలి.

స్పేసర్ కొనలేని ఇంటికి అర లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత కన్నం కోసి, చుట్టూ గాలి పోకుండా అతికించాలి. దక్షిణాఫ్రికాలో 1999లో వెలువడిన పరిశోధనలో ఇలా మూసిన సీసా కొన్న స్పేసర్‌కు సమానంగా పనిచేసింది.

'పంపు ఘాటు, సిరప్ మెత్తన' అన్న నమ్మకం తేలేదీ వీధిలోనే. మామూలు సాల్బుటమాల్ (నీలం పంపులో ఉండే మందే) సిరప్ 5 మి.లీ.లో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక చెంచా సిరప్‌లో 20 నొక్కుల మందు, అదీ ఒళ్లంతా తిరిగాక గానీ ఊపిరితిత్తులకు అందదు. చేతులు వణికేది అందుకే.

ఒక్కసారి చూపితే మరిచిపోతారు. నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాలి, భోగి పొగకు ముందు ఇంకోసారి. రోజువారీ పంపు 200 నొక్కులదైతే, పూటకు 2 చొప్పున రోజుకు 4, మొత్తం 50 రోజులు. గోడమీది తేదీ క్యాలెండర్లో యాభయ్యో రోజు కాగితం మీద 'కొత్త పంపు' అని అప్పుడే రాయించాలి. మందు అయిపోయాక కూడా డబ్బా బుస్సుమంటూనే ఉంటుంది.