నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు: రెండు నెలలు వెళ్లాక

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పోయిన ఏడాది ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే, ఇప్పుడు జీతం ఎంత అని ఇంగ్లీష్‌లో అడిగారు. ‘మై సాలరీ ఈజ్ కమింగ్ సిక్స్‌టీన్ థౌజండ్’ అన్నాను. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనకు జీతం ‘వస్తుంది’ కదా, అదే మాట అటు పెట్టేశాను. బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను.

అందుకే ఈ క్లాసులో చేరాను. మెడికల్ షాపు పైఅంతస్తు, ఆదివారాలు మాత్రమే, ఫీజు 2,500.

సార్ గ్రామర్ రూల్స్ రాయించరు. బోర్డు మీద ఒక మాట రాసి, దానికి తోడు ఏ మాట వస్తుందో అడుగుతారు. ‘సాలరీ’ పక్కన ‘ఎర్న్’, ‘గెట్’ కుదురుతాయి, ‘కమ్’ కుదరదు. బతుకుతెరువుకు ‘ఎర్న్ ఎ లివింగ్’ అన్నా, ‘మేక్ ఎ లివింగ్’ అన్నా సరే. రోజు కూలీకి ‘డైలీ వేజ్’. మా మిల్లులో హమాలీలకు బస్తా లెక్కన ఇస్తాం, దాన్నేమంటారు అని అడిగితే ‘పీస్ రేట్’ అన్నారు. జీతం పెంచమని అడగడానికి ‘ఆస్క్ ఫర్ ఎ పే రైజ్’. మన పేపర్లు రాసే ‘హైక్’ ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కానీ, బ్రిటన్‌లో ‘పే రైజ్’, అమెరికాలో ‘రెయిజ్’ అంటారట.

ఒక రోజు ఇంకో సంగతి అడిగాను. మా తాత దొర దగ్గర ‘జీతం ఉన్నాడు’. ఏడాదికి ఇన్ని వడ్లు అని మాట్లాడుకుని, చేసిన అప్పు తీరేదాకా ఆ ఇంటికి కట్టుబడి ఉండటం. దాన్ని సాలరీ అనొచ్చా? సార్ కాసేపు ఆగి, ‘అది సాలరీ కాదమ్మా, బాండెడ్ లేబర్. 1976లో చట్టం చేసి రద్దు చేశారు’ అన్నారు. ఆ రెండు మాటలు నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

అన్నిటికంటే ఉపయోగపడింది పేస్లిప్ క్లాసు. ఎవరిది వాళ్లం తెచ్చుకున్నాం. నాది 16,000, కోతలు పోకముందు మొత్తం జీతం, అది ‘గ్రాస్ పే’. బేసిక్ 10,000 మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,200, మొత్తం 16,000 మీద ఈఎస్ఐ (వైద్య బీమా) 0.75 శాతం అంటే 120, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. ఇవి ‘డిడక్షన్స్’. చేతికొచ్చే 14,530 ‘టేక్ హోమ్ పే’. ఏళ్ల తరబడి ఈ లెక్కలు నేనే రాస్తున్నాను. నోటితో చెప్పడం మాత్రం ఇప్పుడే వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఒక్క గదిలో నలభై మంది. మాట్లాడటానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఉచ్చారణ వినిపించే ఆడియో లేదు. బొత్తిగా మొదటి నుంచి నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. నా పక్కన కూర్చున్న ఇద్దరు చెల్లెళ్లు మూడో వారానికే మానేశారు. మాటలు తెలిసీ కలపడం రానివాళ్లయితే తప్పకుండా చేరండి.

పోయిన వారం ఇంకో ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ‘ఐ ఎర్న్ సిక్స్‌టీన్ థౌజండ్ ఎ మంత్’ అన్నాను. వాళ్లు రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.

చేరేవాళ్లు పేస్లిప్ జిరాక్స్ ఒకటి వెంట పెట్టుకోండి.